పిచ్చుక ఫోటో బరువు

ఆ ఇంటి పెద్ద కూతుర్ని అందరూ పెద్దదనే పిలుస్తారు. పొద్దున్నే పెద్దది చేసే మొదటి పని అమ్మ మోకాళ్ళకి మందు రాయడం. ఆ తర్వాత టీ పెట్టడం. ఇక మూడో పని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్న అమ్మని ఓరకంట చూస్తూ లోపల్లోపల ఉడికిపోవడం.

అమ్మ లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. ఫోన్ పట్టుకునే ముందు ఒళ్ళో చిన్న దిండు సర్దుకుంటుంది. చిన్న కూతురి ఫోటో తెరవగానే ఫోన్ దిండులో కూరుకుపోతుంది, ఎవరో పైనుంచి అదిమినట్టు. చూడటం అయ్యాక దిండు నడుమ గుంట పడి ఉంటుంది. ఆ గుంటని చూసినప్పుడల్లా పెద్దదానికి టీ చేదెక్కేది.

ఫోటోల సంగతి అందరికీ తెలిసిందే. తీసినవాళ్ళ మనసులో ఎంత ఉంటే ఫోటో అంత తూగుతుంది. పూర్వం అచ్చువేయించి గోడకి తగిలించుకునే రోజుల్లో మేకులు ఊడిపోతుండేవి. "మా ఆయన తీసిన నా ఫోటోకి ఒక మేకు చాల్లేదమ్మా, రెండు కొట్టాల్సొచ్చింది" అని ఇరుగమ్మ అంటే పొరుగమ్మ మొహం మాడ్చుకునేది. ఫోన్లొచ్చాక మేకుల గొడవ పోయి దిండ్ల గొడవ మొదలైంది. బస్సులో పక్క సీటాయన మనవరాలి ఫోటో తెరిచి, "బాబూ, కాస్త మీ మోకాలు కూడా ఇటు ఆనిస్తారా" అని అడగడం మామూలే. అడిగితే కాదనేవాళ్ళూ లేరు.

అయితే ఫోటో పూర్తిగా, కెమెరా చూసింది చూసినట్టు తెరుచుకుంటేనే ఈ బరువు. పిండి పలచన చేసిన చిన్న నకలుకి ఉండదు. దాన్లో మొహం మాత్రం ఉంటుంది, ఆవిరి పట్టిన అద్దంలో మొహంలాగా.

పెద్దది పనిచేసే ఆఫీసు ఒక మందుల షాపు మీది అంతస్తులో ఉంది. అక్కడ తయారయ్యే యాప్ ఒకటే. ఇంట్లో వాళ్ళంతా ఒకరి ఫోటోలు ఒకరు చూసుకునే యాప్. ఎవరెక్కడున్నా అమ్మ తీసిన ఫోటో కూతురి ఫోన్లో, తాత తీసింది మనవడి ఫోన్లో కనపడుతుంది. దాన్ని మొదటి నుంచీ రాసింది పెద్దదే. ఫోటో తీయగానే కెమెరా యాప్ చేతిలో ముందుగా గోరంత నకలు పెడుతుంది. అసలుది తీసినవాళ్ళ ఫోన్లోనే వేరే చోట దాస్తుంది, అమ్మ దిండు మీద పెట్టుకుని చూసుకునేది దాన్నే. పెద్దది ఆ గోరంత దాన్నే తెర నిండా సాగదీసి చూపించింది. "ఇలా అయితే యాప్ తొందరగా తెరుచుకుంటుంది సార్, ఎవరి ఫోన్ మీదా భారం పడదు" అని అప్పట్లో యజమానిని ఒప్పించింది. ఆ మాట నిజమే. ఇంకో నిజం కూడా ఉంది గానీ అది ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఆ యాప్‌లో అందరి ఫోటోలూ మసగ్గా, తేలిగ్గా, ఒక్కలా ఉంటాయి. ఎవరిది ఎంతో తేలదు. అమ్మ తీసిన పిచ్చుక ఫోటో, అమ్మ తీసిన తన ఫోటో పక్కపక్కన పెట్టినా ఎవరూ తేడా చెప్పలేరు.

పిచ్చుక అంటే చెల్లెలు. నడక రాకముందే కిటికీ ఊచలు పట్టుకుని ఎక్కేసిందట, అందుకని అమ్మ ఆ పేరు పెట్టింది. పెద్దదానికి మాత్రం పెద్దదనే పేరు. పేరంటే పేరా అది, వరసలో నంబరు. చెల్లికి రెక్కలున్న పేరు పెట్టి తనకి నంబరు ఇచ్చారన్న కడుపుమంట ఆవిడకి చిన్నప్పటి నుంచీ ఉంది.

పిచ్చుక పెద్దయ్యాక కూడా ఎక్కడం మానలేదు. ఎత్తైన భవనాలకి బయట తాళ్ళతో వేలాడే ఊగుబల్ల మీద నిలబడి అద్దాలు తుడవడం ఆమె ఉద్యోగం. ఊళ్ళోనే వేరే గది తీసుకుని ఉంటుంది. అమ్మని చూడటానికి ఎప్పుడో గాలివాటంగా వస్తుంది. వచ్చిందంటే ఇల్లంతా ఆమె నవ్వే. మందు రాసేదీ, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదీ, కరెంటు పోతే ఫ్యూజు వేసేదీ పెద్దది. దిండులో గుంట మాత్రం పిచ్చుకది.

ఒకరోజు యజమాని కుర్చీ లాక్కుని పెద్దదాని బల్ల పక్కన కూర్చున్నాడు.

"ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. మీ యాప్‌లో మా మనవడు టీలో నానిన బిస్కెట్‌లా ఉన్నాడయ్యా అంటోంది. ఇంకొకాయన, బరువు లేని ఫోటో ఫోటో ఎలా అవుతుందని తిట్టాడు. అసలు ఫోటో పూర్తిగా చూపించాల్సిందే. ఎన్నాళ్ళ నుంచి చెబుతున్నాను నీకు?"

"చేస్తాను సార్. అంత ఈజీ కాదు."

"ఈజీ కాదనే కదా నిన్ను పెట్టుకున్నది."

పక్క బల్ల దగ్గర కళ్ళజోడు కిసుక్కున నవ్వాడు. పెద్దది రాసిందాంట్లో తప్పులు వెతకడం అతని ఉద్యోగం. సోడాబుడ్డి అద్దాల వల్ల ఆఫీసులో అందరికీ అతను కళ్ళజోడే.

ఆ శనివారం పిచ్చుక ఇంటికొచ్చింది. చెప్పులు ఒకటి గుమ్మంలో, ఒకటి హాల్లో విడిచి, వస్తూనే కిటికీ గట్టెక్కి కూర్చుంది.

"అమ్మా, నన్ను పెద్ద టవరు పనికి తీసుకున్నారు. మబ్బులు కిందకి కనపడతాయట. ఇక్కడి భవనాలన్నీ దాని ముందు ముక్కాలి పీటలే. వేరే ఊరు. వచ్చేవారమే వెళ్ళాలి."

అమ్మ మొహంలో రంగు మారింది. అయినా నవ్వింది. "మంచిదే తల్లీ. అలాగే కూర్చో, కదలకు, ఒక ఫోటో తీస్తాను" అని ఫోన్ ఎత్తింది. నొక్కిందో లేదో, ఫోన్ చేతుల్లోంచి జారి దభీమని నేలమీద పడింది. పడ్డచోట పలక బీటలిచ్చింది. అమ్మ రెండు చేతులతో లాగినా లేవలేదు, వంగి తెర మీది ఫోటో మూసేదాకా.

"నేను లావైనట్టున్నానమ్మా" అంది పిచ్చుక నవ్వుతూ.

పెద్దదానికి నవ్వు రాలేదు. పళ్ళెంలో ఉన్న కూరగాయలు తరగడం ఆపి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని వచ్చి చెల్లెలి పక్కన నిలబడింది.

"నాదీ ఒకటి తియ్యమ్మా."

"నీదా? నువ్వెక్కడికీ వెళ్ళట్లేదుగా" అంటూనే అమ్మ తీసింది. ఫోన్ కిందికి జారలేదు సరికదా, అమ్మ మణికట్టయినా వంగలేదు. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, చూసుకుని, తృప్తిగా తల ఊపి, ఫోన్ పక్కన పెట్టేసింది.

ఆ పూట పెద్దది తరిగిన ముక్కలు ఒకటీ ఒకలా లేవు.

సోమవారం ఆఫీసుకెళ్ళి పని మొదలుపెట్టింది. పంతానికి చేసే పని తొందరగా అవుతుంది. కెమెరా అసలు ఫోటో ఎక్కడ దాచిందో అడిగి, అక్కడి నుంచి నేరుగా తెర మీదికి తెచ్చింది. మొదట యాప్ ఊపిరాడనట్టు ఆగిపోయింది, పెద్ద ఫోటో ఒక్కసారిగా మింగలేక. తెరకి ఎంత అవసరమో అంతే లోపలికి తీసుకుని, వేళ్ళతో పెద్దది చేసినప్పుడు మిగతాది తెచ్చేలా మార్చింది. ఆ తర్వాత నిలువుగా తీసిన ఫోటోలన్నీ పక్కకి పడుకుని వచ్చాయి. "ఏంటి, మీ వాళ్ళందరికీ మధ్యాహ్నం నిద్ర అలవాటా?" అన్నాడు కళ్ళజోడు. ఫోటో ఏ వైపు నిలబడాలో కెమెరా వేరేగా రాసిపెడుతుంది, అది కూడా చదివేలా చేస్తే అందరూ లేచి నిలబడ్డారు.

పరీక్షించడానికి అమ్మ ఆల్బమే తెరిచింది. కిటికీ గట్టు మీద పిచ్చుక ఫోటో పూర్తిగా తెరుచుకుంది. చెంప మీద చెమట చుక్క, వేళ్ళ మీద తాడు ఒరుసుకున్న ఎర్రటి గీతలు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. బల్ల కిర్రుమంది. కళ్ళజోడు ఫోన్ ఎత్తబోయి నడుం పట్టుకున్నాడు.

"ఎవరో గానీ పెట్టిపుట్టింది. ఇంత ప్రేమ నేనెక్కడా చూళ్ళేదు."

పెద్దది వేలితో పక్కకి జరిపింది. తన ఫోటో వచ్చింది. "ఇప్పుడు ఎత్తు" అంది.

బరువనుకుని కళ్ళజోడు బలం కొద్దీ ఎత్తాడు. ఫోన్ చేతిలోంచి ఎగిరి నెమ్మదిగా, ఆకులాగా, మళ్ళీ చేతిలోకి దిగింది. అతను తెల్లబోయాడు.

"ఇదేంటి? ఫోన్‌కున్న సొంత బరువు కూడా పోయింది. తప్పుల్లో రాయనా?"

"రాయి" అంది పెద్దది. సున్నా అనుకుంది, సున్నా కూడా కాదు. అమ్మ మనసులో తన చోటు ఖాళీ అయితే సర్దుకునేది. ఉన్నదాంట్లోంచి కూడా తీసేసినట్టుంది ఇది.

యజమాని అడిగితే, ఫోటోలు ఇంకా పడుకునే వస్తున్నాయని చెప్పింది. విడుదల చేస్తే ఇది ఊరూవాడా తెలుస్తుంది. పిచ్చుక తన ఫోన్లో చూసుకుంటుంది, చూసుకుని, టవరెక్కి, మబ్బుల మీద కూర్చుని మురిసిపోతుంది. ఎందుకు తెలియనివ్వాలి?

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోయింది. మధ్యాహ్నం ఆరిన బట్టలు తెచ్చి మంచం మీద పోసింది. అమ్మ ఒక కొస, తను ఒక కొస పట్టుకుని దుప్పటి మడతపెడుతుంటే ఇక ఆగలేకపోయింది.

"అమ్మా, నన్ను చూస్తే నీకేమీ అనిపించదా?"

"ఏమనిపించాలే?"

"మా ఆఫీసులో దాని ఫోటోకి బల్ల విరగబోయింది. నా ఫోటోకి ఫోన్ గాల్లో తేలింది. నీ మోకాళ్ళు పట్టేది నేను, నీ మాటలు పడేది నేను. తూకానికొచ్చేసరికి అది బంగారం, నేను పొట్టు."

అమ్మ దుప్పటి కొస వదల్లేదు. కాసేపు కూతురి మొహం కేసే చూసింది, తప్పు లెక్క వేసిన పిల్లని చూసినట్టు.

"బరువంటే ప్రేమని ఎవరు చెప్పారే నీకు?"

"లోకమంతా చెబుతుంది."

"లోకం సంగతి నాకు తెలీదు. నా సంగతి చెబుతాను విను. దాన్ని చూస్తే చాలు, నా కళ్ళకి తాడే కనపడుతుంది. నవ్వుతోందా, తాడు. తింటోందా, తాడు. ఫోటో తీస్తున్నానా, ఇదే ఆఖరుదేమోనన్న భయం. అదంతా వెళ్ళి ఫోటోలో కూర్చుంటుంది. నువ్వో? నువ్వు పక్కగదిలో ఉన్నావంటే గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతాను. ఆ నిద్రకి బరువెక్కడుంటుందే?"

"తేలిగ్గా ఉన్నాను కాబట్టి తేలిగ్గా తీసుకున్నావు. అంతేగా?"

"నీ నాలుకకి సమాధానం చెప్పడం నావల్ల కాదు" అని అమ్మ దుప్పటి చివరి మడత వేసింది. మంచం అంచున కూర్చుంది. తర్వాత నెమ్మదిగా, "దానికి మాత్రం చెప్పకు" అంది. "దానికి ఆ యాప్‌లో నా ఫోటోలు చిన్నవే వెళ్తాయిగా, తేలిగ్గా. ఆ రోజు ఫోన్ పడితే నవ్వేసింది గానీ, ఈ బరువు ఒక్కసారి దాని చేతుల్లో పడితే ఇక ఎక్కలేదు. ఎక్కకపోతే దాని మొహంలో ఆ నవ్వుండదు."

పెద్దదానికి సగం చల్లారింది, సగం ఇంకా మండింది. తనకి నిద్ర దక్కిందట, దానికి నవ్వు దక్కాలట. ఆ నవ్వు నిలవడానికి అమ్మ ఒక్కతీ దిండు మీద ఇంత బరువు మొయ్యాలట. పక్కనుండి చూడాల్సింది తనట. మంచిదానిలా ఉంటే ఇక్కడ ఒరిగేదేం లేదనుకుంది.

మర్నాడు పొద్దున ఆఫీసుకెళ్ళగానే, "ఫోటోలు లేచి నిలబడ్డాయి సార్, వదలనా?" అని అడిగింది. యజమాని ఎగిరి గంతేసినంత పని చేశాడు. చెల్లెలి మీద దయతో చేశాననో, అమ్మ మీద జాలితో చేశాననో తర్వాతెప్పుడూ ఆవిడ చెప్పుకోలేదు. ఇన్నాళ్ళూ నేను చూసింది అదీ చూడనీ, నేను ఉడికింది అదీ ఉడకనీ అనుకునే విడుదల మీట నొక్కింది.

పిచ్చుక ఆ మధ్యాహ్నం ఒక బ్యాంకు భవనానికి పైనుంచి మూడో అంతస్తు దగ్గర ఊగుబల్ల మీద ఉంది. భోజనం వేళ. జట్టుమేస్త్రీ బల్ల అవతలి చివర కూర్చుని డబ్బా విప్పాడు. పిచ్చుక నిలబడే ఫోన్ తీసింది. యాప్ కొత్తగా మారిందని రాసి ఉంది. అమ్మ తీసిన కిటికీ ఫోటో మీద వేలు పెట్టింది.

ఫోన్ ఆమెని మోకాళ్ళ మీదికి లాగేసింది. ఊగుబల్ల ఆమె వైపు ఒరిగింది. మేస్త్రీ డబ్బా అడ్డంగా జారి, అన్నం ముద్దలు ముద్దలుగా వీధిలోకి రాలింది.

"ఏం చేస్తున్నావమ్మా! వదిలెయ్ దాన్ని!"

"వదిలితే కింద జనం ఉన్నారన్నా!"

మూయడానికి వేలు ఖాళీ లేదు. రెండు చేతులూ ఫోన్ కిందే ఇరుక్కున్నాయి. పసిబిడ్డని పట్టుకున్నట్టు గుండెకి ఆనించుకుని పట్టుకుంది. ఎక్కే ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఆమెకి ఎత్తంటే ఏమిటో తెలియదు. ఆ బరువు చేతుల్లోకి వచ్చాక మొదటిసారి కిందికి చూసింది. వీధి చాలా దూరంగా ఉంది. మనుషులు చీమల్లా ఉన్నారు. ఇదన్నమాట అమ్మకి కనపడేది అనుకుంది.

మేస్త్రీ బల్లని కిందికి దించాడు. దించుతున్నంతసేపూ తాళ్ళు మూలుగుతూనే ఉన్నాయి.

సాయంత్రం పిచ్చుక నేరుగా అక్క ఆఫీసుకొచ్చింది. మెట్ల మీద అడుగుల చప్పుడు ఆమెది కాదన్నంత నెమ్మదిగా ఉంది. చేతులకి నొప్పులు. పెద్దది కుర్చీ చూపించింది. ఆమె కూర్చోలేదు.

"అమ్మ ఫోటోలన్నీ చూశాను. రోడ్డు పక్క అరుగు మీద కూర్చుని, ఒక్కోటీ తెరిచి చూశాను. నావన్నీ రాళ్ళే అక్కా. చిన్నప్పుడు చెట్టు మీద ఉన్నది, స్కూలు గోడ మీద ఉన్నది, ఏదీ ఎత్తలేకపోయాను."

"అదృష్టవంతురాలివి" అంది పెద్దది. ఆ మాటలో పుల్ల విరుపు ఉంది.

"తర్వాత నీది తెరిచాను."

పెద్దది, చెల్లి తనని చూసి నవ్వుతుందేమో అనుకుంది.

"చేతుల నొప్పి కాసేపు పోయింది" అంది పిచ్చుక. "ఫోన్ పైకి లేస్తుంటే నేనూ లేస్తానేమో అనిపించింది. ఇన్నాళ్ళూ నువ్వు ఇంత హాయిగా ఉంచావా అమ్మని? ఒక్కటి... నాది ఒక్క ఫోటో కూడా లేదక్కా అలాంటిది. ఎంత వెతికానో తెలుసా? అంతా నీకే ఇచ్చిందే అమ్మ. కుళ్ళుతో చచ్చిపోతున్నాను నేను."

పెద్దది చెల్లెలి మొహం చూసింది. బిగించిన దవడ, ఎర్రబడ్డ ముక్కు, పక్కకి తిప్పుకున్న కళ్ళు. ఆ మొహం తనకి బాగా తెలుసు, రోజూ పొద్దున టీ గిన్నెలో కనపడేదే. అది తన మొహం. ఒక్క క్షణం లోపల దీపావళి అయినంత సంబరం కలిగింది. ఆ సంబరానికి సిగ్గేసింది కూడా. కుర్చీలోంచి లేచి, చెల్లెల్ని బలవంతంగా కూర్చోబెట్టి, అమ్మ కోసం కింది షాపులో కొని ఉంచిన మోకాళ్ళ మందు టేబులు సొరుగులోంచి తీసి ఆమె మోచేతులకి రాయడం మొదలుపెట్టింది. ఆ మందు వాసనకి కళ్ళజోడు తుమ్మి బయటికెళ్ళిపోయాడు.

"టవరుకి ఎప్పుడు బయల్దేరుతున్నావు?" అంది రాస్తూ.

పిచ్చుక తల అడ్డంగా ఊపింది. పెద్దది రెండో మోచేతికి మందు రాసింది.

పెద్ద టవరుకి ఇంకెవరో వెళ్ళారు. ఎక్కడం కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నేర్పే మనిషి కావాలని మేస్త్రీ చాలాకాలంగా పోరుతున్నాడు. పిచ్చుక ఆ పనిలో చేరింది. సరుకుల గోడౌను వెనక ఖాళీ జాగాలో మనిషెత్తు చట్రం ఒకటి నిలబెట్టి, ముడి ఎలా వెయ్యాలో, గాలి తోస్తే ఎటు ఒరగాలో చూపించేది. మొదట్లో ఆమె మొహం చిన్నబోయి ఉండేది. కొన్నాళ్ళకి, నేర్చుకునేవాళ్ళు తలకిందులై అరుస్తుంటే, ఆ పాత నవ్వు వేరే దారిలో తిరిగొచ్చింది.

ఒక చల్లని పూట అమ్మ చూస్తానంటే పెద్దది ఆవిణ్ణి రిక్షాలో తీసుకెళ్ళింది. పిచ్చుక చట్రం మీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది. ఆమె మడమలకీ నేలకీ మధ్య ఒక బక్కెట్టు పట్టేంత జాగా ఉంది.

"ఇటు చూడవే" అంది అమ్మ.

ఒక చెయ్యి పెద్దదాని భుజం మీద ఆనించి, రెండో చేత్తో ఫోన్ ఎత్తి, ఫోటో తీసింది. తీశాక కూడా ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంది. అమ్మ ఆ చేతి కేసి ఆశ్చర్యంగా చూసుకుంది. దించడం మర్చిపోయి చాలాసేపు అలాగే నిలబడింది. ఇన్నేళ్ళలో పెద్దది ఎన్నడూ వినని నవ్వొకటి నవ్వింది.

పెద్దదానికి కాస్త కడుపు మండింది. కాస్తే. భుజం మీది చెయ్యి జారకుండా ఒక అడుగు అమ్మకి దగ్గరగా జరిగింది.